మూడు వారాల్లో గో భాష: 11 ఏళ్ల జావా అలవాటు ఎక్కడెక్కడ అడ్డుపడింది

నోటిఫికేషన్లు పంపే సర్వీస్ ఒకటి వేరే టీమ్ చేతిలో ఉండేది. రాసింది గో అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఆ టీమ్ ఇంకో పనికి మారుతోంది కాబట్టి మూడు వారాల తర్వాత ఆ సర్వీస్ మాదేనని, ఆన్‌కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా లేచి చూసే బాధ్యత) కూడా మేమే చూసుకోవాలని చెప్పారు. మా టీమ్ అంతా జావా. నేను 11 ఏళ్లుగా జావాలోనే బ్యాకెండ్ రాస్తున్నాను. గోలో అప్పటిదాకా ఒక్క లైను కూడా రాయలేదు.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో, ఏది పనికొచ్చిందో, ఎక్కడ దెబ్బతిన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఒక భాష కొట్టినపిండి అయ్యి, ఇంకోటి తొందరగా పట్టుకోవాల్సి వచ్చినవాళ్లకి ఇది ఉపయోగపడాలని నా కోరిక.

వృథా అయిన రెండు రోజులు

మొదట అందరిలాగే ఒక వీడియో కోర్సు పెట్టుకున్నాను. వేరియబుల్ అంటే ఏమిటి, లూప్ ఎందుకు, ఫంక్షన్ ఎలా రాయాలి. స్పీడ్ పెంచుకొని రెండు రోజులు చూశాను. ఇలాంటి కోర్సుతో నష్టం టైమ్ పోవడం ఒక్కటే కాదు. తెలిసిన విషయాలే వరసగా వింటుంటే మెదడు "ఇదీ తెలుసు, ఇదీ తెలుసు" అనుకుంటూ పోతుంది. ఆ ఊపులో నిజంగా కొత్తదైన మాట ఒకటి వచ్చినా పట్టుకోదు. గోలో విలువల వరసని పట్టుకునే స్లైస్ గురించి ఆ కోర్సులో చక్కగానే చెప్పారు. నేను విన్నాను కూడా. వారం తిరగకుండా అదే స్లైస్ దగ్గర ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

అప్పుడు ఆగి ఆలోచించాను. కొన్నేళ్ల క్రితం పైథాన్‌లో ఒక టూల్ రాయాల్సి వచ్చినప్పుడు జావాలో లాగే ప్రతి ఫీల్డ్‌కీ ఒక గెటర్, ఒక సెటర్ (విలువ చదవడానికి ఒక ఫంక్షన్, మార్చడానికి ఇంకోటి) రాసేవాణ్ణి. కోడ్ పనిచేసేది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. దాదాపు ఏడాది అలాగే రాశాను. పైథాన్ నేర్చుకున్నాననే అనుకున్నాను, కానీ నిజానికి జావాని పైథాన్ స్పెల్లింగ్‌తో రాశాను. ఈసారి అలా కాకూడదు, ఎందుకంటే అర్ధరాత్రి అలారం మోగితే లేచి చూడాల్సింది నేనే.

లూప్ తెలుసు, హెచ్‌టీటీపీ తెలుసు, డేటాబేస్ తెలుసు, టెస్ట్ రాయడం తెలుసు. అన్నీ తెలిసినవాడికి కొత్త భాషలో మిగిలేది ఏమిటి? రాసే తీరు ఒకటి. చూడ్డానికి ఒకేలా ఉండి వేరేగా పనిచేసే చోట్లు ఇంకొకటి. ఆ భాషలో ఏళ్లుగా రాస్తున్నవాళ్లు ఏది సహజం అనుకుంటారన్నది మూడోది. కోర్సులు ఎక్కువగా మొదటిదాని మీదే టైమ్ పెడతాయి. నాకు ప్రమాదం రెండోదాంట్లో ఉంది. 2020లో ఐసీఎస్ఈ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో 18 భాషలకు సంబంధించిన 450 ప్రశ్నలు పరిశీలించి, పాత భాష గురించి ఉన్న నమ్మకాలే కొత్త భాష దగ్గర చాలాసార్లు దారి తప్పిస్తున్నాయని చెప్పారు. చదివినప్పుడు నా పైథాన్ గెటర్లే గుర్తొచ్చాయి.

రాసే తీరుకి ఒక్క రోజు చాలు అనుకున్నాను, చాలింది. గోలో కీవర్డులు 25 మాత్రమే, జావాలో ఉన్నవాటిలో దాదాపు సగం. రాబర్ట్ గ్రీజ్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007లో గూగుల్‌లో దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ కావాలనే చిన్నగా ఉంచారు. 2012 మార్చిలో 1.0 వచ్చినప్పుడు, ఆ కోడ్ తర్వాతి 1.x వెర్షన్లలోనూ నడుస్తుందని మాటిచ్చారు. అందుకే పాత వ్యాసాలు కూడా చాలావరకు పనికొస్తాయి. బ్రాకెట్ ఎక్కడ, ట్యాబా స్పేసా అనే గొడవ, కోడ్‌ని ఒకే తీరులో సర్దే గోఫ్మ్‌ట్ టూల్ తీర్చేస్తుంది. అధికారిక ట్యుటోరియల్ ఒక రోజులో చేసేసి, మిగతా టైమంతా రెండో విషయానికే పెట్టుకున్నాను.

తెలిసిన ప్రోగ్రామే మళ్లీ రాయడం

కొత్త భాష నేర్చుకోవడానికి కొత్త ఐడియాతో ప్రాజెక్ట్ మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. కొత్త సమస్య, కొత్త భాష రెండూ ఒకేసారి ఎత్తుకుంటే, ఇరుక్కున్నప్పుడు చిక్కు సమస్యలో ఉందా, భాషలో ఉందా తెలియదు.

నేను ఎప్పుడో జావాలో రాసుకున్న చిన్న టూల్ ఒకటి ఉంది. లాగ్ ఫైళ్లు చదివి, గంటకి ఎన్ని మెసేజ్‌లు ఫెయిల్ అయ్యాయో, ఏ కారణంతో అయ్యాయో చెబుతుంది. ఫైల్ చదవడం, తేదీలు విడదీయడం, మ్యాప్‌లో లెక్కపెట్టడం, సార్ట్ చేయడం, ఒకేసారి చాలా ఫైళ్ల మీద పనిచేయడం, కమాండ్ లైన్ ఆప్షన్లు అన్నీ అందులో ఉన్నాయి. రోజూ పనిలో తగిలేవి ఇవే. దాన్ని గోలో మళ్లీ రాశాను. ఏం రావాలో ముందే తెలుసు, పాత టూల్ ఇచ్చే జవాబుతో పోల్చుకోవచ్చు. తేడా వస్తే తప్పు కచ్చితంగా నా గో అవగాహనలోనే ఉన్నట్టు.

వచ్చింది కూడా. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు టూల్ మధ్యలో ఆగిపోయింది. తెరిచిన ఫైళ్లు పరిమితి దాటాయని ఎర్రర్. ఫైల్ తెరిచిన వెంటనే క్లోజ్‌ని డిఫర్‌లో (పనిని చివరికి వాయిదా వేసే కీవర్డ్) పెట్టాను, జావాలో ట్రై బ్లాక్‌తో పెట్టినట్టే. కానీ డిఫర్ పనిచేసేది బ్లాక్ అయిపోయినప్పుడు కాదు, ఫంక్షన్ అయిపోయినప్పుడు. నేను రాసింది లూప్ లోపల. అంటే ఆ లూప్ తెరిచిన ఫైళ్లన్నీ ఫంక్షన్ చివరిదాకా తెరిచే ఉన్నాయి. లూప్‌లోని పనిని చిన్న ఫంక్షన్‌గా విడదీస్తే సరిపోయింది.

అంచనాల నోట్‌బుక్

ఈ మూడు వారాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఒక మామూలు నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత గీశాను. నాలుగైదు లైన్ల ప్రోగ్రామ్ రాసి, రన్ చేసే ముందు ఏం ప్రింట్ అవుతుందో ఎడమవైపు పెన్నుతో రాయాలి. తర్వాత రన్ చేసి, వచ్చింది కుడివైపు రాయాలి. రెండూ ఒకటే అయితే ఆ విషయం మళ్లీ ముట్టుకోను. తేడా ఉంటేనే డాక్యుమెంటేషన్ తెరుస్తాను.

పెన్నుతో రాయడం ముఖ్యం. మనసులో అనుకుని రన్ చేస్తే, జవాబు చూశాక "అవును, నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది. కాగితం మీద ఉంటే తప్పించుకోలేం.

స్లైస్ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. 1, 2, 3, 4 ఉన్న స్లైస్ ఒకటి. అందులో మొదటి రెండూ తీసుకుని ఇంకో స్లైస్ చేశాను. ఆ రెండోదానికి 99 అపెండ్ చేశాను. మొదటి స్లైస్‌లో ఏముంటుంది? ఎడమవైపు ధీమాగా 1, 2, 3, 4 అని రాశాను. వచ్చింది 1, 2, 99, 4. స్లైస్ తనంతట తాను డేటా దాచుకోదు. వెనక ఉన్న అర్రేలో ఎక్కడ మొదలవ్వాలి, ఎంత పొడవు, ఎంత చోటుంది అన్న మూడు విషయాలే దాని దగ్గర ఉంటాయి. రెండో స్లైస్ పొడవు 2 అయినా దాని వెనక చోటు 4 ఉంది. అందుకే అపెండ్ కొత్త అర్రే చేయకుండా ఉన్నచోటే 99 రాసేసింది. చోటు నిండి ఉంటే కొత్త అర్రేలోకి కాపీ చేసేది, మొదటిది అలాగే ఉండేది. ఒకే లైను ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఆ పూట పోయిన నాలుగు గంటలకి కారణం ఇదే. కోర్సులో విని దాటేసిన మాటే.

ఇంకో పేజీ మీద "తెలుగు" అనే మాట ఉంది. దాని పొడవు ఎంత? 6 అని రాశాను, జావా అలాగే చెబుతుంది. గో 18 అంది. గోలో స్ట్రింగ్ అంటే బైట్ల వరస. అక్షరాన్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరానికో, గుణింతపు గుర్తుకో ఉండే యూనికోడ్ నంబర్) ఒక్కొక్కటి 3 బైట్లు, ఆ మాటలో 6 ఉన్నాయి. ఇది నోట్‌బుక్‌తో ఆగలేదు. నేను చేతిలోకి తీసుకోబోయే సర్వీస్‌లో నోటిఫికేషన్ టైటిల్ మరీ పొడవైతే కత్తిరించాలి. నేనైతే మొదటి 40 తీసుకో అని ఆలోచించకుండా రాసేసేవాణ్ణి. అన్నీ తెలుగు అక్షరాలే ఉన్న టైటిల్‌లో 39 బైట్లతో 13 కోడ్ పాయింట్లు పూర్తవుతాయి, 40వ బైట్ తర్వాతిదాంట్లో తెగిన ముక్క. ఫోన్ మీద అది నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకంలా కనిపిస్తుంది. రూన్లుగా (కోడ్ పాయింట్లని గోలో అలా అంటారు) మార్చి కత్తిరిస్తే బైట్ తెగదు కానీ, "కి" లో గుడి పోయి "క" మిగిలే ప్రమాదం అప్పుడూ ఉంటుంది. నిజానికి ఈ రెండో సమస్య జావాలోనూ ఉంది. 11 ఏళ్లలో నేను దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కొత్త భాష వల్ల పాత భాషలోని గుంట కూడా కనిపించింది.

స్ట్రక్ట్‌ల (కొన్ని ఫీల్డులు కలిపి కట్టిన డేటా) పేజీ చిన్నదే కానీ గట్టిగా తగిలింది. మెసేజ్‌ల స్లైస్ మీద లూప్ తిప్పుతూ ఒక్కోదానికీ "పంపాం" అని గుర్తు పెట్టాను. లూప్ అయ్యాక చూస్తే ఒక్కదానికీ గుర్తు లేదు. జావాలో అలాంటి లూప్‌లో చేతికి వచ్చేది ఆబ్జెక్ట్‌కి రిఫరెన్స్, మారిస్తే అసలుదే మారుతుంది. గోలో స్ట్రక్ట్‌ల స్లైస్ అయితే చేతికి వచ్చేది కాపీ. నేను ప్రతిసారీ కాపీ మీద గుర్తు పెట్టి పారేస్తున్నాను. కంపైలర్ ఏమీ అనలేదు, ఎందుకంటే తప్పేమీ లేదు. ఇండెక్స్‌తో అసలు ఎలిమెంట్‌నే మారిస్తే సరిపోయింది.

నిల్ మ్యాప్ (ఇంకా తయారుచేయని మ్యాప్) చదివితే సున్నా విలువ వస్తుంది, రాస్తే మాత్రం ప్యానిక్ అవుతుందన్నదీ (పట్టుకోకపోతే ప్రోగ్రామ్ పడిపోతుంది) ఇలాగే తెలిసింది. నిల్ పాయింటర్‌ని ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌లో (ఇంటర్‌ఫేస్ అంటే ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) పెట్టి తిరిగిస్తే అది నిల్‌తో సమానం కాదన్నది మాత్రం మూడుసార్లు రాసుకుంటే గానీ మింగుడు పడలేదు.

రివ్యూలో అడిగిన ఒక ప్రశ్న

రెండో వారంలో అసలు సర్వీస్‌లో చిన్న మార్పు తీసుకున్నాను. ఆ టీమ్‌లో గో బాగా తెలిసిన అమ్మాయి ఒకరు రివ్యూ చేస్తానన్నారు. వయసులో నాకంటే చాలా చిన్న. కామెంట్లు రాయకుండా నా పక్కన కూర్చుని అడిగారు.

"అన్నా, ఈ ఇంటర్‌ఫేస్‌కి ఎన్ని ఇంప్లిమెంటేషన్లు ఉన్నాయి?"

"ప్రస్తుతానికి ఒకటే."

"మరి ఇప్పుడే ఎందుకు రాశారు?"

నా దగ్గర జవాబు లేదు. రేపు ఇంకోటి రావచ్చు అన్నాను. వచ్చినప్పుడు రాద్దాం, అప్పుడు ఈ స్ట్రక్ట్‌ని ముట్టుకోవాల్సిన పని కూడా ఉండదు అన్నారు.

ఆ చివరి మాట దగ్గర నాకు వెలిగింది. జావాలో ఒక క్లాస్ ఫలానా ఇంటర్‌ఫేస్‌ని పాటిస్తుందని ఆ క్లాస్‌లోనే రాయాలి. తర్వాత ఎప్పుడో ఇంటర్‌ఫేస్ కావాలంటే ఆ క్లాస్‌ని మార్చాలి, అది వేరేవాళ్ల లైబ్రరీ అయితే మార్చలేం. అందుకే ముందుజాగ్రత్తగా ముందే రాసేస్తాం. గోలో అలా ప్రకటించే పనే లేదు. కావాల్సిన మెథడ్లు ఉంటే చాలు, పాటించినట్టే. కాబట్టి ఇంటర్‌ఫేస్‌ని వాడుకునేవాళ్లు తమకి కావాల్సినప్పుడు తమ దగ్గరే రాసుకుంటారు. నా అలవాటుకి జావాలో గట్టి కారణం ఉంది. గోలో ఆ కారణం లేదు, అలవాటు మాత్రం మిగిలింది.

అప్పటి నుంచి నోట్‌బుక్ వెనక పేజీల్లో ఇంకో పట్టిక మొదలుపెట్టాను. నా జావా అలవాటు ఏమిటి, అది ఏ ఇబ్బంది వల్ల పుట్టింది, ఆ ఇబ్బంది ఇక్కడ ఉందా? ఎక్సెప్షన్ల మీద ఉన్న మమకారం కూడా ఆ పట్టికలో పడింది. గోలో ప్రతి కాల్ తర్వాత ఎర్రర్ చూడటం మొదట్లో చాలా చిరాకు పెట్టింది. కానీ ఈ సర్వీస్‌లో మెసేజ్‌లని చేరవేసే బయటి ప్రొవైడర్ ఫెయిల్ అవ్వడం అరుదైన విషయం కాదు, రోజువారీ విషయం. ఫెయిల్ అయితే మళ్లీ పంపాలా, వదిలేయాలా, వేరే ప్రొవైడర్‌కి ఇవ్వాలా అన్నదే అసలు పని. ఆ నిర్ణయం కాల్ పక్కనే కనిపిస్తుంటే కోడ్ చదవడం తేలికైంది. పై నుంచి కిందిదాకా నిర్ణయాలన్నీ కళ్ల ముందే ఉన్నాయి.

స్టేజింగ్‌లో బయటపడ్డ లీక్

గోలో డీఫాల్ట్ హెచ్‌టీటీపీ క్లయింట్‌కి టైమవుట్ ఉండదని చదివాను. అందుకని ప్రొవైడర్‌ని పిలిచే చోట జాగ్రత్తగా నేనే టైమవుట్ పెట్టాను. కాల్‌ని ఒక గోరొటీన్‌లో (గోలో పక్కన నడిచే తేలికైన థ్రెడ్ లాంటిది) నడిపి, జవాబుని ఛానెల్‌లో (గోరొటీన్ల మధ్య విలువలు అందించే దారి) పెట్టమన్నాను. బయట సెలెక్ట్‌తో, ఏది ముందొస్తే అది తీసుకునేలా, ఎదురుచూశాను. జవాబైనా రావాలి, 2 సెకన్లైనా గడవాలి. టెస్టులు పాసయ్యాయి. రివ్యూలోనూ దాటిపోయింది.

సాయంత్రం స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే చోట) లోడ్ టెస్ట్ పెట్టి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే మెమరీ గ్రాఫ్ మెట్లెక్కినట్టు ఎక్కుతూనే ఉంది, ఎక్కడా దిగలేదు. టెన్షన్ మొదలైంది, ఎందుకంటే చేతిలో ఇంకా వారమే ఉంది. ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపే పీప్రాఫ్ టూల్‌తో గోరొటీన్ల ప్రొఫైల్ తీశాను. వేలకొద్దీ గోరొటీన్లు, అన్నీ ఒకే లైను దగ్గర, అన్నీ ఒకే స్థితిలో. ఛానెల్‌లోకి పంపడానికి ఎదురుచూస్తున్నాయి. ఆ లైను నేను రాసిందే.

జరిగింది ఇది. ప్రొవైడర్ 3 సెకన్లు తీసుకుంటే, 2 సెకన్లకే నా ఫంక్షన్ టైమవుట్ అని వెళ్లిపోయింది. ఆ తర్వాత గోరొటీన్‌కి జవాబు వచ్చింది. దాన్ని ఛానెల్‌లో పెట్టబోయింది. ఛానెల్‌కి బఫర్ లేదు, అంటే తీసుకునేవాడు ఎదురుగా ఉంటేనే పంపడం పూర్తవుతుంది. తీసుకునేవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇక ఆ గోరొటీన్ అక్కడే శాశ్వతంగా నిలబడిపోయింది. గోరొటీన్ 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది కాబట్టి ఒక్కటి ఆగితే ఎవరికీ తెలియదు. కానీ అది పట్టుకున్న రిక్వెస్ట్, రెస్పాన్స్ అన్నీ దానితోపాటే ఉండిపోతాయి, గార్బేజ్ కలెక్టర్ వాటి జోలికి పోదు.

జావాలో నేను ఇదే పని ఎన్నోసార్లు చేశాను. థ్రెడ్ పూల్‌కి పని ఇచ్చి, ఫ్యూచర్ (తర్వాత వచ్చే జవాబుని ఉంచే ఆబ్జెక్ట్) మీద టైమవుట్‌తో ఎదురుచూస్తాను. టైమవుట్ అయితే వదిలేసి వెళ్లిపోతాను. తర్వాత ఎప్పుడో జవాబు వస్తే అది ఫ్యూచర్‌లో పడుతుంది, తీసుకునేవాళ్లు లేకపోయినా థ్రెడ్‌కి పట్టింపు లేదు, పూల్‌కి తిరిగి వెళ్లిపోతుంది. నేను ఎదురుచూడటం మానేస్తే అవతలివాళ్లకి ఏమీ కాదన్న నమ్మకం నాలో ఎంత లోతుగా ఉందంటే, దాన్ని నోట్‌బుక్‌లో పరీక్షించాలని కూడా తట్టలేదు. తెలియనివి పరీక్షిస్తాం, తెలుసనుకున్నవి కొన్ని పరీక్షిస్తాం. నమ్మకమని కూడా గుర్తించని నమ్మకాలు మాత్రం ఇలా స్టేజింగ్‌లోనే బయటపడతాయి.

ఛానెల్‌కి 1 బఫర్ ఇస్తే లీక్ ఆగిపోయింది. కానీ అది సగం మందు మాత్రమే, ఎవరికీ అక్కర్లేని కాల్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. రిక్వెస్ట్‌కే కాంటెక్స్ట్ (గడువుని, రద్దు సంకేతాన్ని మోసుకెళ్లేది) జతచేసి, టైమ్ దాటగానే కాల్ కూడా రద్దయ్యేలా మార్చాను. అప్పుడు నా గోరొటీన్, ఛానెల్, సెలెక్ట్ ఏవీ అవసరం లేకపోయాయి, మొత్తం తీసేశాను. పనికి ముందూ తర్వాతా గోరొటీన్ల సంఖ్య పోల్చే టెస్ట్ ఒకటి కూడా రాశాను.

అదే రోజు టెస్టులన్నీ రేస్ డిటెక్టర్‌తో (ఒకే డేటాని గోరొటీన్లు ఒకేసారి ముట్టుకుంటే పట్టించేది) నడిపాను. లెక్కలు ఉంచుకునే మ్యాప్ ఒకదానిలోకి నా కొత్త కోడ్ రెండు గోరొటీన్ల నుంచి లాక్ లేకుండా రాస్తోందని చూపించింది. ప్రొడక్షన్‌లో అలా జరగడాన్ని రన్‌టైమ్ గమనిస్తే ప్రోగ్రామ్ మొత్తం పడిపోతుంది, ప్యానిక్‌ని పట్టుకునే రికవర్‌తో కూడా ఆపలేం. ఇది మొదటి రోజు నుంచే ఆన్ చేసి ఉండాల్సింది. ఇప్పుడు మా టీమ్‌లో అది లేకుండా బిల్డ్ పాస్ కాదు.

చేతికి వచ్చాక

మూడు వారాలకి సర్వీస్ మా చేతికి వచ్చింది. కొద్ది రోజులకే రాత్రి అలారం మోగింది, ఒక ప్రొవైడర్ దగ్గర జవాబులు నెమ్మదించాయి. గోరొటీన్ల ప్రొఫైల్ తీయడం, ఎక్కడ ఆగాయో చూడటం అప్పటికి చేతికి అలవాటైంది. రీట్రైల మధ్య విరామం పెంచి, అది సర్దుకునేదాకా చూసి పడుకున్నాను. ఆ లీక్ ముందే తగిలి ఉండకపోతే ఆ రాత్రి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

జెనరిక్స్ (ఒకే కోడ్‌ని చాలా టైపులకి వాడుకోవడం), రిఫ్లెక్షన్ (నడుస్తుండగా టైపుల్ని పరిశీలించడం) కావాలనే పక్కన పెట్టాను. జెనరిక్స్ 2022లో 1.18తో వచ్చాయి, ఈ సర్వీస్‌లో ఎక్కడా వాడలేదు. అవసరం పడిన రోజు చూసుకున్నాను. ఏఐ అసిస్టెంట్‌ని మొదటి పది రోజులు కోడ్ రాయడానికి వాడలేదు. అది రాసిన కోడ్ చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, వీడియో కోర్సు చూసినట్టు. తప్పు అంచనా వేసిన తర్వాత మాత్రం "జావా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఏం పొరబడతారు" అని అడిగాను, అది బాగా పనికొచ్చింది. చెప్పిన ప్రతిదాన్నీ మళ్లీ నోట్‌బుక్‌లో పరీక్షించుకున్నాను.

ఇప్పుడైతే ఒకటి మార్చుకుంటాను. స్టాండర్డ్ లైబ్రరీ సోర్స్‌ని మొదటి వారంలోనే చదువుతాను. నేను మూడో వారంలో మొదలుపెట్టాను. ఐఓ ప్యాకేజీలో రీడర్ ఇంటర్‌ఫేస్‌కి ఒకే ఒక్క మెథడ్ ఉందని, ఫైల్, నెట్‌వర్క్ కనెక్షన్, జిప్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయని చూశాక, రివ్యూలో విన్నదంతా అక్కడ కళ్లెదుట కనిపించింది.

ఈ పద్ధతిని మా టీమ్‌లో రెండేళ్ల అనుభవం ఉన్న ఒకరికి కూడా చెప్పాను. వాళ్లకి నాకు పనికొచ్చినంత పనికి రాలేదు. ఎడమవైపు ఏం రాయాలో తోచడం లేదన్నారు. వాళ్లకి జావా మీద ఇంకా అంత గట్టి అంచనాలు లేవు, తప్పని తేలడానికి ముందు ఒక అంచనా ఉండాలి కదా. వాళ్లకి పక్కన కూర్చుని కలిసి కోడ్ రాయడమే బాగా పనిచేసింది.

ఈ మధ్య రస్ట్ అనే ఇంకో భాష మొదలుపెట్టాను. అదే లాగ్ టూల్, కొత్త నోట్‌బుక్. మొదటి పేజీలో ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఒక వేరియబుల్‌లో ఉన్న స్ట్రింగ్‌ని ఇంకో వేరియబుల్‌కి ఇచ్చి, తర్వాత మొదటిదాన్ని ప్రింట్ చేస్తే ఏమవుతుంది? జావాలోనూ గోలోనూ రెండూ ఒకటే ప్రింట్ చేస్తాయి కాబట్టి ఎడమవైపు అదే రాశాను. ప్రోగ్రామ్ కంపైలే కాలేదు. విలువ రెండోదానికి వెళ్లిపోయింది, మొదటిది ఇక వాడకూడదు అని కంపైలర్ లైను నంబర్‌తో సహా చెప్పింది. కుడివైపు ఆ ఎర్రర్ మొత్తం ఎత్తి రాసుకుని, ఓనర్‌షిప్ అధ్యాయం తెరిచాను.